సైలెన్సరు లేని పాలబండి

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు అనగానే నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, వోచర్లు గుర్తుకు రావడం సహజమే. ఈరోజు వాటి జోలికి ఎక్కువగా పోము. పాలబండి కింద వేలాడే ఒక ఇనుప డబ్బా గురించి, దాని ముందు వెనుక ఉండే గొట్టం గురించి చెప్పదలచాము. అది పగిలితే సంఘానికి ఏమి జరుగుతుందో ఒక చలికాలంలో కళ్ళారా చూశాము. అందులో మా తప్పు కూడా ఉన్నది.

వనపర్తి వైపు ఒక రూటు. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పము. కిరాయికి పెట్టుకొన్న బండి, పెట్రోలు మీద నడిచే మూసిన చిన్న వ్యాను, ఇంజను డ్రైవరు సీటు కిందనే ఉండే రకం. డిసెంబరు మొదటి వారంలో మేము ఆ రూటులోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాము. బండి ఊరి పొలిమేర దాటకముందే దాని రాక తెలిసింది. ట్రాక్టరు వస్తున్నదనుకొన్నాము. డ్రైవరు పాతికేళ్ళ పిల్లవాడు. "ఏమి తమ్మీ, ఈ మోత?" అంటే, "పైపు జాయింటు కాడ పగిలింది సారూ, ఓనరుకు చెప్పిన" అన్నాడు. మేము తల ఊపి లోపలికి పోయాము. పాల నమూనాల రిజిస్టరులో మూడు చోట్ల సంతకం లేదని రెండు పేరాలు రాశాము. బండి గురించి ఒక్క ముక్క రాయలేదు. బండి మా పరిధి కాదనుకొన్నాము.

ఆ రోజే రిజిస్టరు దగ్గర ఒక సభ్యురాలు మమ్మల్ని ఆపింది. "సారూ, లెక్కలు తర్వాత చూద్దురు గాని, ఈ బండి పొద్దుగాల మా ఇంటి ముంగట పోతే మా బర్రె చేపుత లేదు. దూడను ఇడిచినా కాళ్ళు ఇసురుతున్నది" అన్నది. పక్కనున్నవారు నవ్వారు. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది కాని, మేమూ నవ్వాము.

పదిరోజుల తరువాత కార్యదర్శి ఫోను చేశాడు. ఆ ఉదయం మంచు బాగా పడింది. డ్రైవరు, క్యాన్లు ఎత్తే సహాయకుడు చలికి అద్దాలు పూర్తిగా మూసుకొని వచ్చారు. సంఘం ముందు బండి ఆగింది గాని ఎవరూ దిగలేదు. కార్యదర్శి పోయి తలుపు తీస్తే సహాయకుడు కిందికి జారి వాంతి చేసుకొన్నాడు. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు, ఎన్ని క్యాన్లు అని అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. ఎవరో పైత్యమన్నారు, ఎవరో రాత్రి తాగి ఉంటారన్నారు. ఆ సభ్యురాలి కొడుకు మెకానిక్కు పని తెలిసినవాడు. "ఇది పొగ" అని ఇద్దరినీ ఈడ్చి ఆరుబయట పడుకోబెట్టి, వేరే జీపులో ఆసుపత్రికి పంపాడు. ఆక్సిజన్ పెట్టిన తరువాత తేరుకొన్నారు. ఆ బండి ఇంకో మూడు కిలోమీటర్లు పోయి ఉంటే జాతీయ రహదారి ఎక్కేది.

వారు పీల్చినది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలో కళ్ళు మండించేది, ముక్కుకు తగిలేది వేరే. ప్రాణం తీసేది ఇది. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసే ఎర్ర పదార్థానికి హిమోగ్లోబిన్ అని పేరు. ఈ విషవాయువు దానిని ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది, ఒకసారి పట్టితే తొందరగా వదలదు. మామూలు గాలిలో కూర్చుంటే నెత్తుటిలో సగం దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. కాబట్టి మజ్జిగ తాగించి, చెట్టు కింద కూర్చోబెట్టి, "తగ్గిందా?" అని మళ్ళీ బండి ఎక్కించరాదు. ఇంకొక మాట. కరోనా కాలం నుండి చాలా ఇళ్ళలో వేలికి పెట్టే మిషను ఉన్నది. ఈ విషయంలో దానిని నమ్మవద్దు. అది విషవాయువు పట్టిన నెత్తురును కూడా ప్రాణవాయువు ఉన్న నెత్తురుగానే చూపి, అంతా బాగున్నదని చెబుతుంది.

అంతకుముందు వారం రోజులుగా ఆ డ్రైవరుకు తలనొప్పి. నిద్ర చాలక వస్తున్నదనుకొని మాత్ర వేసుకొని, టీ తాగి నడిపాడు. మధ్యాహ్నం ఇంటికి పోతే తగ్గేది, మరునాడు బండి ఎక్కితే వచ్చేది. బండిలో ఉన్నంతసేపు తలనొప్పి, దిగితే తగ్గుదల అంటే గొట్టం వైపు చూడవలెను.

మేము వనపర్తి రాజప్రాసాదంలో నడిచిన పాలిటెక్నిక్కులో డిప్లొమా చదివినవాళ్ళము. సైలెన్సరును నిలువునా కోసి చూపిన నమూనా ఒకటి అక్కడ ఉండేది. లోపల ఒకటి రెండు అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు, అంతే. ఇంజను నుండి ప్రతి పేలుడుకు వేడి వాయువు ఒక దెబ్బలాగా వస్తుంది. విశాలమైన డబ్బాలో పడి వ్యాకోచించి, గోడలకు తగిలి వెనుదిరిగి, ఒక దెబ్బ ఇంకొకదానిని చంపుకొంటుంది. మోత అక్కడ అణుగుతుంది. కాని గొట్టానికి అంతకన్నా పెద్ద పని ఉన్నది, విషవాయువును మనుషులు కూర్చొనే చోటు దాటించి వెనుకకు తీసుకుపోవడం. కొత్త బండ్లలో ఆ దారిలోనే వాయువును శుద్ధిచేసే కన్వర్టరు కూడా ఉంటుంది. దానికి ముందు గొట్టం పగిలితే శుద్ధి కాని వాయువు నేరుగా కాళ్ళ కిందికి వస్తుంది. మా డ్రైవరు బండిలో సీటు కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడి ఉన్నది. ఆ చిల్లులో గోనెపట్ట కుక్కారు. గోనెపట్టకు గాలి ఆగదు. వెనుక తలుపు సరిగా పడని బండ్లలో ఇంకొక చిక్కు: బండి పరుగెత్తేటప్పుడు వెనుక ఏర్పడే సుడి, పొగను తిరిగి లోపలికే పీల్చుకొంటుంది.

డీజిలు బండి అయితే భయం లేదా అని ఒక అధ్యక్షులవారు అడిగారు. డీజిలు పొగలో ఈ వాయువు బాగా తక్కువ, నిజమే. కాని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను మనుషులకు క్యాన్సరు కలిగించే వాటి జాబితాలో చేర్చింది. పైగా పాలలోని వెన్న వాసనలను ఇట్టే పట్టుకొంటుంది. మూత సరిగా పడని క్యాను పక్కన పొగ నిండితే ఆ క్యాను శీతలీకరణ కేంద్రంలో వాసన పరీక్ష దగ్గరనే నిలిచిపోవచ్చు.

ఇప్పుడు ఆ తల్లి చెప్పిన బర్రె సంగతి. ప్రమాదం తరువాత మేము మళ్ళీ ఆ ఊరికి పోయి, చేయవలసిన పని అప్పుడు చేశాము. పాల రిజిస్టరులో బండి పోయే వీధి ఇళ్ళను, వెనుక వీధి ఇళ్ళను విడదీసి చూశాము. రోడ్డు వీధి వారికి ఆ రోజులలో ఉదయం పాలు తగ్గాయి, వెన్న శాతం కూడా తగ్గింది. సాయంత్రం పాలు కొంత పెరిగాయి. వెనుక వీధి వారికి తేడా లేదు. బండి వచ్చేది పాలు తీసుకోవడానికి కదా, పిండడం అప్పటికి అయిపోదా అని మీకు సందేహం రావచ్చు. ఆ బండి ఐదు గంటలకు ఖాళీ క్యాన్లతో ఆ వీధి గుండానే పై ఊర్లకు పోతుంది. సరిగ్గా చెంబు పట్టుకొని పొదుగు దగ్గర కూర్చొనే వేళ.

చేపు అనేది పశువు ఇష్టం మీద జరిగే పని. దూడ మూతి తగిలినా, అలవాటైన చేయి తగిలినా మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే రసం నెత్తుటిలోకి దిగి, పొదుగులోని గ్రంథులను పిండి పాలను కిందికి తోస్తుంది. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలలో పశువు బెదిరితే అడ్రినలిన్ అనే మరొక రసం అడ్డుపడుతుంది. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవు వీపు మీద పిల్లిని నిలబెట్టి, కాగితపు సంచులు పేల్చి మరీ ఇది నిరూపించారు. మనకు అంత శ్రమ అక్కరలేదు, సైలెన్సరు లేని బండి ఒకటి చాలు. ఆవు కన్నా బర్రెకు ఇబ్బంది ఎక్కువ. బర్రె పొదుగులో అడుగున నిలువ ఉండే పాలు చాలా స్వల్పం, దాదాపు అన్నీ పైన గ్రంథులలోనే ఉంటాయి. చేపకపోతే చెంబు అడుగు తడవడమే. చివరికి వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ కనుక, ఆ చివరి పాలు పొదుగులో మిగిలిపోతే శాతం పడిపోతుంది. మనకు పైసలు వచ్చేది శాతం మీద. ఆ వీధిలో ఇద్దరు సభ్యులు బర్రె చేపడం లేదని దొంగచాటుగా దొరికే సూదిమందు తెచ్చి పొడిచారని కూడా తెలిసింది. అది చట్టవిరుద్ధం, పశువుకు చేటు. ఒక పైపు జాయింటు ఎంత దూరం పోయిందో చూడండి.

ఇంతకూ ఆ పని ఖరీదెంత? పట్టణంలో వెల్డింగు షాపులో ఏడువందలు అడిగారట. బండి యజమాని "సంఘం పెట్టుకోవాలె, మీ ఊరి స్పీడు బ్రేకరుకే తగిలింది" అన్నాడు. సంఘం "కిరాయి ఇస్తున్నాము, బండి మీది" అన్నది. కార్యదర్శి ఫైలులో ఈ రాతకోతలు మూడు కాగితాలు ఉన్నాయి. గోటితో పోయేది గొడ్డలి దాకా పోయింది. మా అభిప్రాయంలో బండి యజమానే పెట్టుకోవలెను. పెట్టుకోకపోతే సంఘమే ముందు చేయించి, కిరాయి బిల్లులో మినహాయించవలెను. ఎట్టి పరిస్థితిలోను డ్రైవరు జేబు నుండి పెట్టించరాదు. ఆ పిల్లవాడు పెట్టుకోలేడు, పెట్టుకోలేక మోతతోనే నడుపుతాడు. ఈ షరతును రవాణా ఒప్పందంలో రాయించండి. పాలకవర్గం తీర్మానం లేదని ఆడిటులో అభ్యంతరం వస్తుందేమో అని భయపడేవారు ముందే తీర్మానం చేసుకొనండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 120వ నిబంధన ప్రకారం వ్యవసాయ ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు వాహనానికి సైలెన్సరు ఉండి తీరవలెను. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను, 2019 సవరణ తరువాత, శబ్ద కాలుష్య ప్రమాణాలు మీరిన బండికి మొదటిసారే పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు అంటున్నది. అందులో నడిపినవారే కాదు, నడపనిచ్చినవారు కూడా ఉన్నారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలలో ఉదయం ఆరు గంటల వరకు రాత్రి కిందనే లెక్క, నివాస ప్రాంతాలలో పరిమితి 45 డెసిబెల్స్. మన పాలబండి తిరిగేది ఆ వేళనే.

సైలెన్సరు తీస్తే బండికి బలం వస్తుందని, మైలేజీ పెరుగుతుందని కొందరు డ్రైవర్ల నమ్మకం. మోటారు సైకిళ్ళ మీద పాలు తెచ్చే మన కుర్రవాళ్ళకు అదొక మోజు కూడా. పోలీసులు అటువంటి సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డు రోలరు కింద తొక్కించిన ఫొటోలు పత్రికలలో చూసే ఉంటారు. డబ్బా తీసేస్తేనే బలం వచ్చేదయితే కంపెనీవారే దానిని పెట్టక ఆ ఖర్చు మిగుల్చుకొనేవారు కదా!

పాలబండి సైలెన్సరు తొందరగా ఎందుకు పోతుందంటే, ఊరూరా ఆగి ఇంజను ఆపడం వలన. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం పోయే బండిలో గొట్టం బాగా కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఆగి ఆగి పోయే బండిలో అది డబ్బాలోనే నీరై నిలిచి లోపలి నుండి తుప్పు పడుతుంది. పైకి రంగు బాగానే ఉంటుంది. కనుక జాయింట్ల దగ్గర నల్లని మసి చారలు ఉన్నాయా చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, వెనుక గొట్టానికి తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టితే, పగులు ఉన్నచోట బుస్సుమని వినిపిస్తుంది. ఇది ఆరుబయటనే చేయవలెను, మూసిన షెడ్డులో కాదు. షెడ్డులో ఇంజను నడుస్తుండగా పొద్దుపోయి బండిలో కునుకు తీసే అలవాటు ఉన్నవారు దానిని మానుకొనవలెను. రేకు చుట్టి తీగ కట్టడం ఆ పూటకు షాపు దాకా పోవడానికే పనికివస్తుంది.

ఎండాకాలం గడ్డి తోలే ట్రాక్టర్ల విషయం కూడా చెప్పవలెను. పగిలిన గొట్టం నుండి నిప్పురవ్వ లేస్తుంది, పైన గడ్డి ఉంటుంది.

వచ్చే తనిఖీ నుండి మేము పోయే ప్రతి సంఘంలో రిజిస్టర్లు తెరవకముందు బండి చుట్టూ ఒకసారి తిరుగుతాము. లాగ్ బుక్కులో డ్రైవరు ఫిర్యాదుకు ఒక గడి గీయించండి. ఫిర్యాదు రాసిన తేదీ, బాగుచేయించిన తేదీ రెండూ అందులో ఉండవలెను. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులున్నాయో మేము లెక్కపెడతాము.

ఆ డ్రైవరు ఇప్పుడు వేరే బండి మీద అదే రూటులో ఉన్నాడు. ఆ తల్లిని మొన్న పోయినప్పుడు పలకరించాము. "ఇప్పుడు చేపుతున్నదా అమ్మా?" అని అడిగితే, "చేపుతున్నది సారూ. గాని మా ఇంటి ముంగట నుంచి పోయే బుల్లెట్టు బండి పిల్లగాని సంగతి మీ పుస్తకంల రాసుకో" అన్నది. రాసుకొన్నాము.