నేను చేసిన ఇత్తడి రైలింజను
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించీ మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక, నా ఇంజను గురించి పది నిమిషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

నేను చేసింది డబ్ల్యూ.పి. ఇంజను నమూనా. ముందు భాగం తుపాకి గుండులా ఉబ్బి, మధ్యలో నక్షత్రంతో ఉండేది. మీలో చాలామంది దాని వెనక పెట్టెల్లో కూర్చుని కళ్ళల్లో బొగ్గునలుసులు పడగా ప్రయాణం చేసినవారే. వీటిలో మొదటి 16 ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. 1963 నుంచి మన చిత్తరంజన్‌లోనూ తయారుచేశారు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక 1995తో ముగిసింది. వీటిలో మొట్టమొదటిది, 7200 నంబరుది, ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది.

నా నమూనా అసలులో 32వ వంతు. అసలు ఇంజను పెద్ద చక్రం అడ్డకొలత 1705 మిల్లీమీటర్లు, నాది 53. ఇటువంటి భాగహారాలు రెండు నోటు పుస్తకాల నిండా ఉన్నాయి. జీవితమంతా లెక్కలు సరిచూసిన గుమాస్తాకు ఆ పని హాయిగానే ఉంది. చేతిపనే కష్టం.

ఇత్తడి రేకును కంసాలి రంపంతో కోసి, ఆకురాయితో అంచులు సాపుచేయాలి. బాయిలరు కోసం రేకును గొట్టంమీద వంచబోతే స్ప్రింగులా వెనక్కి లేచింది. ఎర్రగా కాల్చి చల్లార్చాక మెత్తబడి మాట విన్నది. ముక్కు భాగానికి మాత్రం మా ఇంటి పాత ఇత్తడి గరిటె పనికొచ్చింది. డొప్ప కొలత దాదాపు సరిపోయింది. అనుమతి కోసం పైఅధికారిణికి మూడుసార్లు అర్జీ పెట్టుకోవలసి వచ్చిందనుకోండి!

ఇక మాటు పెట్టడం. ఇత్తడి వేడిని ఇట్టే పాకిస్తుంది. చిమ్నీ అతికిస్తుంటే నిన్న అతికించిన గుమ్మటం ఊడి ఒళ్ళో పడేది. పెద్ద భాగాలు ముందు, తక్కువ వేడికి కరిగే మాటులోహంతో చిన్నవి తరువాత, అతికినచోట తడిగుడ్డ చుట్టి పెట్టాలి. ఈ మూడు సంగతులు తెలిసేసరికి ఏడాది గడిచింది.

రంగులో నా తొందరపాటు బయటపడింది. మాటు పెట్టేటప్పుడు పూసిన ఆమ్లం మూలల్లో మిగిలిపోయింది. పైన నల్లరంగు నిగనిగలాడుతూ వారం నిలిచింది. తరువాత అరటితొక్కలా లేచింది. మొత్తం థిన్నరుతో కడిగి, సబ్బునీళ్ళు, పాత పళ్ళబ్రష్షు, చివర చింతపండు కూడా వాడి, ఆరనిచ్చి, కార్లకు రంగులమ్మే దుకాణంలో లోహాన్ని పట్టుకునే ప్రైమరు కొని పలుచగా కొట్టాను. దానిమీద నలుపు, అదీ అచ్చ నలుపు కాదు. చిన్న వస్తువుమీద అచ్చ నలుపు వేస్తే బొగ్గుగడ్డలా కనిపించి వివరాలు మాయమవుతాయి. కాస్త బూడిదరంగు కలపాలి. వాన రోజుల్లో రంగు జోలికి పోకండి.

మా పెద్దన్నయ్య బెజవాడ లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశాడు. ఎనభై దాటాయి, నీటికాసుల జబ్బుతో చూపు పూర్తిగా పోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంజను తెచ్చి ఆయన ముందు బల్లమీద పెట్టాను. ఏమీ చెప్పలేదు. వేళ్ళతో ముక్కు తడిమి నవ్వాడు. క్యాబులో చిటికెనవేలు పెట్టి ఫైర్‌డోర్ వెతికాడు. తరువాత రెండు చేతులూ రెండుపక్కల చక్రాలమీద ఆనించి అలాగే కూర్చున్నాడు.

"ఒరే చిన్నోడా, రెండువైపులా రాడ్లు ఒకే ఎత్తులో ఉన్నాయేంట్రా? ఇట్లా అయితే ఇంజను లేస్తుందా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఒక పక్క పిన్ను పైన ఉంటే రెండో పక్కది పావు చుట్టు తేడాలో ఉండాలి. రెండు పిస్టన్లూ ఒకేసారి చివరకు చేరి నిలిస్తే బండిని కదిలించే దిక్కుండదు. పుస్తకంలో చదివాను, బిగించేటప్పుడు మరిచాను. మోటారు లేని, అలమరాలో ఉండే బొమ్మే కదా, ఎవరికి తెలుస్తుంది అన్నారు మా ఇంట్లో. అబద్ధమాడకూడదు, నాకూ ఆ రాత్రి అలాగే అనిపించింది. రంగంతా పూర్తయింది. చక్రాలు పీకితే గీతలు పడతాయి. చెయ్యి కూడా మునుపటిలా నిలవడం లేదు.

పండుగ వెళ్ళాక పీకాను. గీతలు పడ్డాయి. ఒక ఆకు విరిగింది. మూడు ఇరుసులూ సరిచేసి, రంగు దిద్దడానికి రెండు నెలలు పట్టింది.

ఉగాదికి అన్నయ్య మళ్ళీ వచ్చాడు. రెండు బొటనవేళ్ళూ పిన్నులమీద పెట్టి మెల్లగా తోశాడు. మళ్ళీ తోశాడు. చాలాసేపు ఆ చక్రాలు వదలలేదు. "ఇప్పుడు లేస్తుంది" అన్నాడు. తరువాత వెనక టెండరులో చెయ్యి పెట్టి, "బొగ్గేదిరా?" అని అడిగాడు.

నల్లరంగు పూసిన ఇసుక వేద్దామనుకున్నాను. ఆయన వేళ్ళ దగ్గర అది చెల్లదు. ఇస్త్రీ బండివాడి దగ్గర ఉన్నది కట్టెబొగ్గు. కొత్తగూడెం, ఇల్లెందు వైపు నుంచి వచ్చిన సభ్యులెవరైనా ఈ సభలో ఉంటే, వచ్చే నెల పెన్షనర్ల దినానికి వచ్చేటప్పుడు గుప్పెడు గనిబొగ్గు పొట్లం కట్టి తెచ్చిపెట్టవలసిందిగా కోరుతున్నాను. చిన్న ముక్కలుగా నేనే కొట్టుకుంటాను.