ఎవరి సొమ్ము, ఎవరి పొదుపు?



పొదుపు గురించి మన ఆడవాళ్ళకు ఒకరు పాఠం చెప్పాలా? పోపులపెట్టెలో దాచిన చిల్లరతో పిల్లల ఫీజులు కట్టినవాళ్ళం, అయిదో తారీఖుకే ఖాళీ అయ్యే జీతంతో ముప్పయ్యో తారీఖు దాకా లాక్కొచ్చినవాళ్ళం. అయితే ఈ వేళ నేను చెప్పబోయేది మన పొదుపు సంగతి కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక బేస్‌బాల్ జట్టు యజమాని పాటిస్తున్న పొదుపు గురించి, దానిమీద ఆ ఊరి జనానికి ఉన్న కోపం గురించి. "ఆ బంతాట గొడవ మనకెందుకమ్మా" అని రేడియో కట్టెయ్యకండి. ఇందులో ఆట తక్కువ, సంసారం ఎక్కువ.

పిట్స్‌బర్గ్ పేరు మనలో చాలామందికి తెలిసిందే. అమెరికాలో మనవాళ్ళు 1970లలో కట్టుకున్న వేంకటేశ్వరస్వామి గుడి ఆ ఊరి శివార్లలోనే ఉంది. మన విశాఖపట్నం లాగే అదీ ఉక్కు ఊరు. కాకపోతే 1980లలో అక్కడి ఉక్కు కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడి వేలమంది బతుకుతెరువు పోయింది. అంత దెబ్బ తిన్నాక కూడా ఆ ఊరివాళ్ళు మావి అని చెప్పుకునేవి కొన్ని మిగిలాయి. అందులో ఒకటి పైరేట్స్ అనే ఈ బేస్‌బాల్ జట్టు. 1887 నుంచీ పెద్ద లీగులో ఆడుతోంది. దేశం మొత్తానికి ఛాంపియన్ అయిన సంవత్సరాలు అయిదు: 1909, 1925, 1960, 1971, 1979. చివరి సంవత్సరం మరోసారి వినండి, 1979. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారు.

మా చెల్లెలి పురిటికని వెళ్ళి ఒక చలికాలం నేను ఆ ఊళ్ళో ఉన్నాను. బేస్‌బాల్ ఆటలు మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కొక్క జట్టుకు 162. చలికాలంలో ఆటలుండవు. అయినా పక్కింటి పెద్దావిడ రోజూ పొద్దున్నే పేపరు తెరిచి మొదట చూసేది ఆటల పేజీయే. "ఆటలే లేవు కదా, ఏం చూస్తున్నారండీ" అని అడిగాను. "అంగడి చూస్తున్నాను. మావాళ్ళు ఎవరినైనా కొన్నారా అని" అంది. ఎవరినీ కొనలేదుట. పేపరు మడిచి పక్కన పెట్టింది. మర్నాడు మళ్ళీ తెరిచింది.

ఆ అంగడి ఏమిటో చెప్తాను. అక్కడ ఒక ఆటగాడు పెద్ద లీగులో ఆరేళ్ళ ఆట పూర్తి చేస్తే, తర్వాత తనకిష్టమైన జట్టుకు, ఎక్కువ ఇచ్చేవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోవచ్చు. 1976లో ఆటగాళ్ళ సంఘం పోరాడి సంపాదించుకున్న హక్కు ఇది. అలా విడుదలైనవాళ్ళను జట్లవాళ్ళు పోటీపడి తెచ్చుకునేది చలికాలంలోనే. సంక్రాంతి ముందు పశువుల సంతను తలుచుకోండి. ఎవరు పెద్ద మూటతో వచ్చారు, ఎవరు ఊరికే పళ్ళు చూసి, మూపురం తడిమి వెళ్ళిపోయారు అని ఊరంతా గమనిస్తుంది. 2024 డిసెంబరులో ఆ సంతలో న్యూయార్క్ మెట్స్ జట్టు హువాన్ సోటో అనే ఒక్క ఆటగాడికి 15 ఏళ్ళకు 76 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తామంది. అదే చలికాలంలో మన పైరేట్స్ తెచ్చుకున్నది ఎవరినయ్యా అంటే, ఒక్కొక్క ఏడాది ఒప్పందం మీద పదిహేను లక్షలకు ఒకరిని, నలభై లక్షలకు ఒకరిని, యాభై లక్షలకు ఒకరిద్దరిని. పట్టుచీరల కొట్టుకు వెళ్ళి జేబురుమాళ్ళు కొనుక్కొచ్చినట్టు.

ఇక్కడ యజమాని పక్షం కూడా చెప్పాలి, లేకపోతే ధర్మం కాదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాల జట్లకు టీవీవాళ్ళు ఇచ్చే డబ్బే కొండంత. పిట్స్‌బర్గ్ చిన్న ఊరు. పైగా బేస్‌బాల్‌లో జీతాలకు గరిష్ఠ హద్దు లేదు. అదే ఊళ్ళో స్టీలర్స్ అని ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆ ఆటలో అన్ని జట్లకూ జీతాల ఖర్చుకు ఒకే హద్దు కాబట్టి వాళ్ళు ఎవరికీ తీసిపోకుండా నెగ్గుకొస్తారు. బేస్‌బాల్‌లో ఆ వీలు లేదు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు మేం పెద్దవాళ్ళతో పోటీపడి అప్పుల పాలవమంటారా" అని యజమాని అడిగితే అందులో న్యాయముంది. అదీగాక డబ్బు పోస్తే గెలుపు వస్తుందన్న హామీ లేదు. 2023లో అదే మెట్స్ జట్టు అప్పటిదాకా ఎవరూ ఇవ్వనంత జీతాలిచ్చి, గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ అనిపించుకుంది. పిట్స్‌బర్గ్ కంటే పెద్దదేం కాని మిల్వాకీ జట్టు 2025లో 97 ఆటలు గెలిచి లీగులన్నింటిలో మొదటి స్థానంలో నిలిచింది.

మరి పిట్స్‌బర్గ్‌వాళ్ళ బాధ ఏమిటి?

1992లో వాళ్ళ జట్టు ఫైనల్ పోటీకి ఒక్క అడుగు దూరంలో ఓడిపోయింది. ఆ ఏటి ఉత్తమ ఆటగాడు బ్యారీ బాండ్స్ వాళ్ళవాడే. ఆ చలికాలంలో అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఎగరేసుకుపోయింది. అప్పటి నుంచి 1993 మొదలుకొని 2012 దాకా, వరసగా 20 ఏళ్ళు, ప్రతి ఏడూ గెలుపులకంటే ఓటములే ఎక్కువ. అమెరికాలోని పెద్ద ఆటల్లో ఏ జట్టుకూ ఇంత దీర్ఘమైన గ్రహపాటు పట్టలేదు. ఈ మధ్యలోనే 2001లో నది ఒడ్డున చూడముచ్చటైన కొత్త స్టేడియం వచ్చింది. దానికైన ఖర్చులో ఎక్కువ భాగం ప్రజల సొమ్ము. అంతకుముందు, 1997లో, దీనికోసం పన్ను వేయాలా వద్దా అని ఓటు పెడితే జనం వద్దన్నారు. అయినా వేరే దారిన ప్రజల డబ్బే వెళ్ళింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా.

ఇప్పటి ముఖ్య యజమాని బాబ్ నటింగ్ 2007లో వచ్చారు. 2010లో జట్టు జమాఖర్చుల కాగితాలు ఎలాగో బయటికి పొక్కాయి. 2007, 2008 రెండేళ్ళలో జట్టు ఆటల్లో అట్టడుగున ఉన్నా లాభం మాత్రం దాదాపు 2 కోట్ల 94 లక్షల డాలర్లు వచ్చిందని వాటిలో ఉంది. పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న జట్లకు వాటా పంచే పద్ధతి ఒకటుంది. ఆ వాటా బాగానే ముట్టింది. చిన్నపిల్లల్లాంటి కొత్త ఆటగాళ్ళను తయారుచెయ్యడానికీ, అప్పులు తీర్చడానికీ వాడామని జట్టువాళ్ళు చెప్పారు. కొత్తవాళ్ళమీద వాళ్ళు ఖర్చు పెట్టిన మాట నిజమే. 2008లో మనదేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని బల్లెం విసిరే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళను ఒక టీవీ పోటీలో చూసి ఈ జట్టే తీసుకుంది. అయితే జనానికి ఆ కాగితాలు చూశాక కలిగిన అనుమానం ఇక పోలేదు. ఇంట్లో "డబ్బుల్లేవు, మజ్జిగతో సరిపెట్టుకోండి" అన్న యజమాని బ్యాంకు పుస్తకం అనుకోకుండా పిల్లల చేతిలో పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మజ్జిగన్నం తినడం వాళ్ళకు కష్టం కాలేదు. లెక్క చెప్పకపోవడం కష్టమైంది.

నాకు అన్నిటికంటే కడుపు తరుక్కుపోయినది 2015 చలికాలం కథ. ఇరవయ్యేళ్ళ శని 2013లో వదిలింది. మూడేళ్ళు వరసగా పై పోటీలకు వెళ్ళారు. 2015లో అయితే ఏకంగా 98 ఆటలు గెలిచారు. ఇంకొక్క చెయ్యి వేస్తే చాలు, మేడ పూర్తవుతుంది. ఊరంతా చలికాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. తీరా జరిగింది వినండి. నీల్ వాకర్ అని ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన కుర్రాణ్ణి న్యూయార్క్‌కు మారకం వేసేశారు. ఆ వేసవి చివర్లో వచ్చి బంతి అద్భుతంగా విసిరిన జే హాప్‌ను టొరంటో జట్టు మూడేళ్ళకు 3 కోట్ల 60 లక్షలకు తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నారు. అతను మరుసటి ఏడు టొరంటోకు 20 ఆటలు గెలిపించాడు. పైరేట్స్ ఆ ఏడు గెలిచినవి 78, ఓడినవి 83. పెళ్ళి పందిరి వేసి, పల్లకీ తెచ్చి, బాజాభజంత్రీల వాళ్ళకు ఇవ్వాల్సివస్తుందని ముహూర్తం వాయిదా వేసినట్టయింది. 2018 జనవరిలో గెరిట్ కోల్‌నూ, ఆ ఊరి కళ్ళలో దీపంలాంటి ఆండ్రూ మెకచన్‌నూ కూడా రెండు రోజుల తేడాలో పంపించేశారు. జట్టును అమ్మేయించండి అని వేలమంది సంతకాలు పెట్టారు. ఆటగాళ్ళ సంఘం కూడా, వాటాగా వచ్చిన సొమ్మును నియమం ప్రకారం ఆటమీద పెట్టడం లేదని పైరేట్స్‌తో పాటు మరో మూడు జట్లమీద ఫిర్యాదు చేసింది.

మనకు ఒక కొట్లో పప్పు బాగోకపోతే ఎదురుకొట్టుకు పోతాం. కొట్టు మారినట్టు జట్టు మారలేరండీ వాళ్ళు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మొదటి ఆటకు వెళ్ళిన జట్టు అది. యజమానికి ఆ సంగతి బాగా తెలుసు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా టిక్కెట్టు కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు. సర్దుకుపోయే కోడలికే అన్ని పనులూ చెప్తారు చూడండి, ఆ మాదిరి.

2025లో ఈ కోపం ఎలా బయటపడిందో చెప్తాను. స్టేడియం తెరిచిన రోజుల్లో అభిమానులు డబ్బు కట్టి ఇటుకలమీద పేర్లు చెక్కించుకున్నారు. కొందరు తమ పేర్లు, కొందరు చనిపోయిన అమ్మానాన్నల పేర్లు. వాటిని స్టేడియం బయట నేలమీద పరిచారు. ఆ ఇటుకలు పాత సామాను పోగుచేసే చోట కుప్పగా పడున్న ఫొటో 2025 వసంతంలో బయటికొచ్చింది. అవి అరిగిపోయాయనీ, ఆ పేర్లను మరో విధంగా నిలుపుతామనీ జట్టు చెప్పింది. ఇటుకలు అరగడం నిజమే అయుండొచ్చు. తీసేముందు ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే ఎంత బాగుండేది! అదే రోజుల్లో రాబెర్టో క్లెమెంటె గుర్తుగా గోడమీద ఉన్న బొమ్మ తీసి మద్యం ప్రకటన పెట్టారు. ఈ క్లెమెంటె 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామాను తీసుకెళ్తూ విమానం కూలి పోయిన మహానుభావుడు. అతని అంకె 21 కాబట్టి ఆ గోడ ఎత్తే 21 అడుగులు కట్టారు. జనం గోలపెట్టాక బొమ్మ మళ్ళీ వచ్చింది. ఏప్రిల్‌లో ఊళ్ళో మొదటి ఆట రోజున స్టేడియం అంతా "జట్టు అమ్మెయ్" అని అరుపులు. అదే మాట రాసిన గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఒక చిన్న విమానం కూడా తిరిగింది.

ఇంత కోపం ఇప్పుడే ఎందుకంటే, ఇంట్లో రత్నం పుట్టింది. పాల్ స్కీన్స్ అనే కుర్రాడు. బంతి విసురుతాడు. 2023లో చేరేటప్పుడు 92 లక్షల డాలర్లు ఇచ్చి తీసుకున్నారు, అది పిసినారితనం కాదు, ఒప్పుకుందాం. 2024లో కొత్తవాళ్ళలో మేటి అన్నారు. 2025లో బంతి విసిరేవాళ్ళందరిలోకీ మేటికిచ్చే సై యంగ్ బహుమతి ఒక్క ఓటు తేడా లేకుండా అతనికే వచ్చింది. సగటున ఒక ఆటకు రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. అయినా అతని పేరున పడిన గెలుపులు 10, ఓటములు 10. ఎందుకంటే ఎదుటివాళ్ళను ఆపడం అతని చేతిలో ఉంది, పరుగులు తియ్యడం మిగతావాళ్ళ చేతిలో. తీసేవాళ్ళు లేరు. జట్టు ఆ ఏడు 91 ఆటలు ఓడింది. ఇలాంటి ఆటగాడికి మొదటి మూడేళ్ళూ జీతం తక్కువే ఉంటుంది. 2025లో కనీస జీతం 7 లక్షల 60 వేలు. అంటే మిగిలిన డబ్బుతో చుట్టూ నలుగురిని చేర్చుకోవలసిన కాలం ఇదే. గేదెకు చిట్టూ తవుడూ పెట్టేది పాలిచ్చే రోజుల్లోనే కదా, వట్టిపోయాక ఎవరైనా పెడతారా?

2025 డిసెంబరులో పిడికిలి కొంచెం సడలింది. ర్యాన్ ఓహెర్న్ అనే బ్యాటరుకు రెండేళ్ళకు 2 కోట్ల 90 లక్షలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. టాంపా బే నుంచి బ్రాండన్ లౌను మారకం మీద తెచ్చుకున్నారు. పెద్ద జట్లకు ఇవి చిల్లర ఖర్చులు. ఇక్కడ మాత్రం వార్త. ఇప్పటికీ ఈ జట్టు బయటి అంగట్లో ఒక మనిషికి ఇచ్చిన అతి పెద్ద మొత్తం 2014 డిసెంబరులో లిరియానోకు మూడేళ్ళకు ఇచ్చిన 3 కోట్ల 90 లక్షలే.

స్కీన్స్ ఆరేళ్ళు 2029 ఆటలతో పూర్తవుతాయి. ఆ తర్వాత అతను ఎక్కడికైనా వెళ్ళొచ్చు. పిట్స్‌బర్గ్‌లో చిన్నపిల్లలకు కూడా ఈ అంకె నోటికొచ్చు.