కొత్త టాబ్లెట్ కొనాలా? పాల సంఘం ముందుగా వేసుకోవలసిన లెక్క

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య తనిఖీకి వెళ్లిన సంఘాలలో తీర్మానాల పుస్తకం తెరిస్తే ఒక అంశం తరచుగా కనబడుతున్నది. “పాల సేకరణ కేంద్రానికి కొత్త టాబ్లెట్ కొనుగోలు విషయం.” మూడు నాలుగేండ్ల క్రిందట కొన్న టాబ్లెట్ నెమ్మదించింది. డీలరు కొత్త మోడల్ కరపత్రంతో వచ్చాడు. ధర మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు, మధ్యరకం. “ఇన్‌స్పెక్టరు గారూ, కొనమంటారా, వద్దంటారా?” అని అధ్యక్షులు అడుగుతున్నారు. కొనమని గాని, వద్దని గాని చెప్పవలసింది నేను కాదు, మీ సంఘం లెక్క. ఆ లెక్క ఎట్లా వేయాలో మాత్రం మనవి చేస్తాను.

టాబ్లెట్ చేసే పని ఏమిటి?

మొదట ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. టాబ్లెట్ పాలు తూచదు, వెన్న శాతం కొలవదు. తూచేది ఎలక్ట్రానిక్ కాటా. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చెప్పేది పాల పరీక్ష యంత్రం. ఆ రెండు చెప్పిన అంకెలను తీసుకొని, రేటు పట్టికతో గుణించి, సభ్యుని నంబరు క్రింద దాచి, చీటీ ముద్రించడమే టాబ్లెట్ పని. పూర్వం ఆ పని కార్యదర్శి కలంతో చేసేవాడు.

ఆదోని వాళ్లకు పత్తి సంగతి నేను చెప్పనక్కరలేదు. మార్కెట్ యార్డులో పద్దుల పుస్తకం కొత్తదైనంత మాత్రాన పత్తి బోరెం తూకం పెరగదు. కాటా సరిగా ఉంటేనే పుస్తకంలో అంకె సరిగా ఉంటుంది. పాలకైనా అంతే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. లెక్క తేలికకు లీటరు పాలను ఒక కిలోగా తీసుకుందాం. మన యంత్రం వెన్న శాతాన్ని 0.1 తక్కువగా చూపిస్తున్నదనుకోండి. పూటకు రెండున్నర చొప్పున రోజుకు 5 లీటర్లు పోసే అక్కకు 5 గ్రాముల వెన్న, అంటే 4 రూపాయలు పోతుంది. పది రోజుల బిల్లులో 40 రూపాయలు. రోజుకు 200 లీటర్లు సేకరించే సంఘంలో ఇది రోజుకు 160 రూపాయలు, ఏడాదికి 58,400 రూపాయలు. ఎక్కువగా చూపిస్తే ఆ నష్టం సంఘం మీద పడుతుంది. ఇరవై వేల టాబ్లెట్ గురించి రెండు సమావేశాలు చర్చించి, ఏడాదికి యాభై ఎనిమిది వేలు తేడా చేయగల యంత్రాన్ని నెలల తరబడి సరిచూడకపోవడం మంచి యాజమాన్యం అనిపించుకోదు.

కాబట్టి మొదటి రూపాయి పరీక్ష యంత్రానికి ఖర్చు చేయండి. వారానికొకసారి ఒకే నమూనాను యంత్రంలోను, గెర్బర్ పద్ధతిలోను పరీక్షించి రెండు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసి పెట్టండి. పద్ధతి మీకు తెలిసినదే: 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికొకసారి వేయించాలి. ఈ రెండూ సరిగా ఉన్న తరువాతనే టాబ్లెట్ మాట.

లీటరుకు ఎన్ని పైసలు?

సంఘం కొనే ప్రతి వస్తువు సభ్యుడు పోసిన పాలలో నుండే వస్తుంది. అందుచేత ధరను లీటరుకు పైసలుగా మార్చి చూడాలి. 18 శాతం జి.ఎస్.టి.తో కలిపి టాబ్లెట్ 20,000 రూపాయలు, కవరు, కాటాకు కలిపే తీగ వగైరా 2,000 రూపాయలు, వెరసి 22,000 అనుకుందాం. నాలుగేండ్లు పనిచేస్తుందని తీసుకుందాం.

రోజుకు 200 లీటర్ల సంఘానికి నాలుగేండ్లలో 2,92,000 లీటర్లు. లీటరుకు ఏడున్నర పైసలు పడుతుంది. రోజుకు 60 లీటర్ల చిన్న సంఘానికి అదే కాలంలో 87,600 లీటర్లే. లీటరుకు 25 పైసలు పడుతుంది. అదే పాత టాబ్లెట్‌కు 3,000 రూపాయలతో బ్యాటరీ మార్పించి ఇంకొక రెండేండ్లు నడిపితే పెద్ద సంఘానికి లీటరుకు రెండు పైసలు, చిన్న సంఘానికి సుమారు ఏడు పైసలు. ఇవి లెక్క కొరకు నేను తీసుకున్న అంకెలు. మీ డీలరు ఇచ్చిన ధర, మీ సేకరణ వేసుకొని చూడండి. ప్రక్క ఊరి సంఘం కొన్నదని మనమూ కొనడం తగదని ఈ లెక్కే చెబుతుంది.

జాప్యం ఎక్కడున్నదో కనిపెట్టండి

“టాబ్లెట్ నెమ్మదిగా ఉంది, వరుస కదలడం లేదు” అనేది సాధారణంగా వినే ఫిర్యాదు. ఫిర్యాదు చిన్నది కాదు. 60 మంది సభ్యులకు తలా అర నిమిషం ఆలస్యమైతే పూటకు అరగంట. మన ఎండలలో పాలలోని సూక్ష్మజీవులు అనుకూలమైన వేడిలో అరగంటలోపే రెట్టింపు కాగలవు. ఆ అరగంట వల్ల పాలు పులిస్తే కేను మొత్తం తిరిగి వస్తుంది.

అయితే జాప్యం నిజంగా టాబ్లెట్‌దేనా? రెండు పూటలు గడియారం పెట్టి చూడండి. పాలు పోసినప్పటి నుండి చీటీ చేతికి వచ్చేవరకు ఎన్ని సెకన్లు, అందులో కాటా దగ్గర ఎన్ని, పరీక్ష యంత్రం దగ్గర ఎన్ని, టాబ్లెట్ దగ్గర ఎన్ని, ప్రింటరు దగ్గర ఎన్ని అని వ్రాసుకోండి. అల్ట్రాసోనిక్ యంత్రాలు రకాన్ని బట్టి ఒక్కొక్క నమూనాకు 30 నుండి 60 సెకన్లు తీసుకుంటాయి. జాప్యం అక్కడ ఉంటే ఎంత ఖరీదైన టాబ్లెట్ కొన్నా వరుస ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు.

టాబ్లెట్‌దే జాప్యమని తేలితే, కొనడానికి ముందు ఈ నాలుగు చేయండి.

1. నిల్వ స్థలం చూడండి. ఫోటోలు, వాట్సాప్ వీడియోలు, సినిమాలు నిండిన టాబ్లెట్ నెమ్మదిస్తుంది. సంఘం టాబ్లెట్‌లో సంఘం పని తప్ప మరేదీ ఉండరాదు.

2. పాత సంవత్సరాల లెక్కలను వేరొక చోట భద్రపరచి, సరిచూసుకున్న మీదట, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వారి సలహాతో టాబ్లెట్‌లో నుండి తగ్గించండి.

3. ఛార్జరు, తీగ మార్చి చూడండి. చాలాచోట్ల చెడినది తీగే. బ్యాటరీ పొద్దంతా ఉండడం లేదంటే మార్పించండి. వెనుక మూత ఉబ్బినట్లు కనబడితే మాత్రం ఆ క్షణమే వాడకం ఆపాలి. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదకరం.

4. కిటికీ ఎండలోనో, రేకుల క్రిందనో, రాత్రింబవళ్లు ఛార్జింగులోనో ఉంచకండి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో లిథియం బ్యాటరీకి వేడే మొదటి శత్రువు.

కరపత్రాన్ని ఎట్లా చదవాలి?

ఉదాహరణకు రెండు మోడళ్లు తీసుకుందాం. ఎక్కువ మందికి తెలిసినవి కనుక చెబుతున్నాను గాని వీటిని పొగడను, తెగడను. శాంసంగ్ గెలాక్సీ టాబ్ ఎ8ను 2021 డిసెంబరులో ప్రకటించారు. దాని తరువాతి టాబ్ ఎ9 ప్లస్ 2023 అక్టోబరులో వచ్చింది. తెర 10.5 అంగుళాల నుండి 11 అంగుళాలైంది. బ్యాటరీ రెండింటికీ ఒకటే, 7,040 మిల్లీ ఆంపియర్ అవర్. ఛార్జింగు వేగమూ రెండింటికీ 15 వాట్లే. తెర 60 హెర్ట్జ్ నుండి 90 హెర్ట్జ్ అయింది, అంటే బొమ్మ మరింత నునుపుగా కదులుతుంది. మన తెర మీద కదిలే బొమ్మ లేదు. ఉన్నవి సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న శాతం. ఆ తేడాకు సంఘం డబ్బు ఇవ్వనక్కరలేదు.

పనికివచ్చే తేడాలు వేరే ఉన్నాయి. కొత్తదానిలో ప్రాసెసరు బలమైనది. ఎ8 ఆండ్రాయిడ్ 11తో వచ్చింది, ఎ9 ప్లస్ ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. భద్రతా సవరణలు ఎన్నేండ్లు ఇస్తామని కంపెనీ చెబుతున్నదో అది పాల సంఘానికి ముఖ్యం. ఎందుకంటే అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. ఆ సవరణలు ఆగిపోయిన టాబ్లెట్‌తో చెల్లింపులు చేయడం, తాళం చెడిన బీరువాలో నగదు పెట్టడం వంటిది. ఆఫీసులో కంప్యూటరున్న సంఘాలు కూడా గమనించాలి. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి.

తరువాత వచ్చిన, రాబోయే మోడళ్లకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. కరపత్రంలోని ప్రతి గుణం ప్రక్కన “దీనివల్ల చీటీ త్వరగా వస్తుందా, లెక్క భద్రంగా ఉంటుందా?” అని వ్రాసుకోండి. రెండింటికీ కాదని జవాబు వస్తే ఆ గుణాన్ని కొట్టివేయండి.

కొనే ముందు మన కేంద్రంలోనే పరీక్ష

కొత్త టాబ్లెట్ తెచ్చి పాత ప్రోగ్రాము ఎక్కదని కూర్చునే ప్రమాదం ఉన్నది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14, 2015 నాటి ఆండ్రాయిడ్ 6 కన్నా పాతదానికి తయారైన ప్రోగ్రాములను కొత్తగా ఎక్కించుకోనివ్వదు. మీ పాల సేకరణ ప్రోగ్రాము చాలా పాతదైతే కొత్త టాబ్లెట్‌లో అది పనికిరాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వారి వద్ద ముందే వ్రాతపూర్వకంగా హామీ తీసుకోండి. రేపు యూనియన్ వారు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ తయారుచేసిన ఎ.ఎం.సి.ఎస్. వంటి ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌కు మారుదామంటున్నారా అన్నది కూడా విచారించండి. మారేదుంటే ఆ తరువాతనే కొనడం మేలు.

డీలరును ఒక ఉదయం పూటకు, ఒక సాయంత్రం పూటకు మీ కేంద్రానికి రమ్మనండి. మీ కాటాకు, మీ పరీక్ష యంత్రానికి, మీ ప్రింటరుకు తగిలించి చూపమనండి. చాలా యంత్రాల నుండి వచ్చేది పాత రకం సీరియల్ తీగ. టాబ్లెట్‌కు ఉన్నది చిన్న యు.ఎస్.బి. రంధ్రం. మధ్యలో కన్వర్టరు కావాలి. ఆ కన్వర్టరు తగిలించి ఉండగానే ఛార్జింగు కూడా ఎక్కుతున్నదా అని చూడండి. కరెంటు తీసేసి చూడండి. ఇంటర్నెట్ ఆపి చూడండి. తడి చేతితో తెర ముట్టుకొని చూడండి. పాలకేంద్రంలో పొడి చెయ్యి ఎవరికి ఉంటుంది?

పద్ధతి, భద్రత

కొనడానికే నిశ్చయిస్తే పాలకవర్గ తీర్మానం, మూడు కొటేషన్లు, జి.ఎస్.టి. బిల్లు, వారంటీ కార్డు, డెడ్ స్టాకు రిజిస్టరులో నమోదు, ఇవి ఉండాలి. 1964 చట్టం క్రింద ఉన్న సంఘమైనా, 1995 పరస్పర సహాయ చట్టం క్రింద ఉన్న సంఘమైనా ఆడిటు ఆడిటే. 1964 చట్టం 60వ సెక్షను క్రింద సంఘానికి కలిగించిన నష్టాన్ని బాధ్యుల నుండి రాబట్టే వీలున్నదని కూడా మరువకండి.

టాబ్లెట్‌లోని గూగుల్ ఖాతా సంఘం పేరుతో ఉండాలి. కార్యదర్శి సొంత ఖాతాతో ఉంటే, ఆయన పని మానిన తరువాత ఎవరైనా టాబ్లెట్‌ను మొదటి స్థితికి తెస్తే పాత ఖాతా రహస్య పదం అడుగుతుంది. అది తెలియకపోతే ఇరవై వేల వస్తువు పలకతో సమానం. కొత్తది పని మొదలుపెట్టాక కనీసం ఒక బిల్లు కాలం పాతదానిలోను, కొత్తదానిలోను లెక్క నడిపి రెండూ సరిపోయాయని చూసుకోండి. పాతదాన్ని అమ్మే ముందు లోపలి వివరాలన్నీ తుడిచివేయండి. సభ్యుల ఆధార్, బ్యాంకు వివరాలు బయటికి పోవడం 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా తగని పని. పూర్తిగా చెడిపోతే చెత్తబుట్టలో వేయక, ఇ-వ్యర్థాలు తీసుకొనే అధీకృత సంస్థకు ఇవ్వండి.

ఎప్పుడు కొనాలి?

మూడు సందర్భాలలో సందేహించకుండా కొనండి. చీటీ ఆలస్యానికి టాబ్లెట్టే కారణమని గడియారం చెప్పినప్పుడు, శుభ్రం చేసినా, బ్యాటరీ మార్చినా బాగుపడనప్పుడు. భద్రతా సవరణలు ఆగిపోయి అదే టాబ్లెట్‌తో చెల్లింపులు చేస్తున్నప్పుడు. లెక్కలు చెరిగిపోవడం ఒక్కసారి జరిగినా సరే, మరమ్మతుదారు కారణం చెప్పలేనప్పుడు. మిగిలిన సందర్భాలలో ఆ డబ్బుకు సంఘంలో వేరే పని ఉన్నది. పత్తి చెక్క, దాణా అరువుకు అడిగే సభ్యులున్నారు. పరీక్ష యంత్రానికి మరమ్మతు కావలసి ఉన్నది.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం స్థాపించారు. సహకారం అంటే ఏమిటో ఈ గడ్డకు ఒకరు వచ్చి చెప్పవలసిన పని లేదు. మగ్గమైనా, కాటా అయినా, టాబ్లెట్ అయినా పనిముట్టే. దాన్ని వాడుకొని సభ్యునికి న్యాయం చేయడం మన ధర్మం.

రెండు ఎనుములు మేపే అక్క పొద్దున్నే చెంబు పట్టుకొని వచ్చి, “ఏం నాయనా, నా చీటీ ఏదీ?” అంటుంది. ఆమెకు తెర ఎన్ని అంగుళాలో అక్కరలేదు. చీటీలో అంకె నిజమై ఉండాలి, పదో రోజు డబ్బు ఖాతాలో పడాలి. ఆ రెండింటికి అడ్డుగా ఉన్నదాన్ని మార్చండి. అడ్డు లేనిదాన్ని ఇంకొంతకాలం వాడుకోండి.

 సహకార వ్యవస్థ వర్ధిల్లుగాక!