మా తొమ్మిది వోల్టుల రేడియో స్టేషను

(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పది నిమిషాలు మాట్లాడమన్నారు. జ్ఞాపకాలు అందరూ చెబుతున్నారు కనుక నేను ఒక సర్క్యూట్ గురించి చెబుతాను. ఫిజిక్స్ మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. తప్పు చెబితే ఆయనే లేచి నిలబెడతారు, నాకు అలవాటే.

1994లో మేం పదో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి నేనూ, నా బెంచీవాడూ కలిసి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చేశాం. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి మా బావ తెచ్చిన బీసీ 548 ట్రాన్సిస్టర్ ఒకటి, కండెన్సర్ మైకు ఒకటి, ట్రిమ్మర్ ఒకటి, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. కాయిల్ మాత్రం మేమే చుట్టుకున్నాం. మోటారు వైండింగ్ షాపులో అడిగి తెచ్చుకున్న రాగి తీగ, పెన్సిల్ మీద నాలుగు చుట్లు. అంతే. ఇలాంటివి గాలిలోకి వదలాలంటే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు కావాలని మాకు తెలియదు. మాస్టారికి తెలుసేమో, ఇప్పుడు అడగను.

కాయిల్‌నీ కెపాసిటర్‌నీ పక్కపక్కన కలిపితే అదొక ఉయ్యాల. కెపాసిటర్‌లోని ఛార్జి కాయిల్ గుండా పోతుంది, కాయిల్ దాన్ని ఆపకుండా అవతలి వైపుకి నెడుతుంది, అక్కడినుంచి మళ్ళీ వెనక్కి. ప్రతి ఊపుకీ కొంత బలం పోతుంది కాబట్టి ట్రాన్సిస్టర్ వెనక నిలబడి తోస్తూ ఉంటుంది. సెకనుకి ఎన్ని ఊపులన్నది ఆ కాయిల్, ఆ కెపాసిటర్ విలువలను బట్టి ఉంటుంది. మా నాలుగు చుట్లు సుమారు 0.1 మైక్రోహెన్రీ, ట్రిమ్మర్‌తో కలిపి కెపాసిటెన్స్ 25 పికోఫారడ్లు అనుకోండి. లెక్క వేస్తే 100 మెగాహెర్ట్జ్ వస్తుంది. అంటే సెకనుకి పది కోట్ల ఊపులు. రేడియోలో 88 నుంచి 108 దాకా ఉన్న ఎఫ్ఎం పట్టీకి దాదాపు నడిమధ్య.

మరి ఇందులోకి గొంతు ఎలా ఎక్కుతుంది? వీణ మీద గమకం ఎలా పలికిస్తారో చూశారు కదా. మెట్టు మీద వేలు ఉంచే తీగను పక్కకు లాగుతారు, స్వరం పైకి వెళ్తుంది, వదిలితే దిగుతుంది. మా సర్క్యూట్‌లో ఆ లాగే వేలు వోల్టేజి. ట్రాన్సిస్టర్ లోపల కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య ఒక జంక్షన్ ఉంది. దానికి ఎదురు దిశలో వోల్టేజి ఉన్నప్పుడు మధ్యలో కదిలే ఛార్జి లేని ఖాళీ పొర ఏర్పడుతుంది. రెండు రేకుల మధ్య ఖాళీ ఉంటే అది కెపాసిటరే కదా! వోల్టేజి పెరిగితే పొర వెడల్పవుతుంది, కెపాసిటెన్స్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. వోల్టేజి తగ్గితే అంతా తిరగబడుతుంది. మైకులో మాట పడ్డప్పుడల్లా ఆ వోల్టేజి ఊగుతుంది, దాంతోపాటు ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. వోల్టేజి చెప్పినట్టు వినే ఇలాంటి ఆసిలేటర్‌నే వోల్టేజ్ కంట్రోల్డ్ ఆసిలేటర్, పొట్టిగా వీసీఓ అంటారు. మంచి సర్క్యూట్లలో ఈ పనికి వేరాక్టర్ డయోడ్ అని విడిగా పెడతారు. మాకు ట్రాన్సిస్టరే ఆ పని కూడా చేసిపెట్టింది.

ఎంత ఊగాలి? ఎఫ్ఎం ప్రసారాల్లో అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ మించకూడదు. దానికి మా 25 పికోఫారడ్లలో మారాల్సింది 0.04 పికోఫారడ్ కూడా లేదు! అంత సున్నితం. చెయ్యి దగ్గర పెడితే చాలు, స్టేషను జరిగిపోయేది.

ఇక ఆ రోజు సంగతి. ఏడో తరగతి గదిలో ట్రాన్స్‌మిటర్, దాని దగ్గర మావాడు. హెడ్మాస్టరు గారి గది వరండాలో మా ఇంటి టూ-ఇన్-వన్, దాని దగ్గర నేను. పొద్దున తొమ్మిది నుంచి మావాడు ఎక్కాలు, వేమన పద్యాలు, క్రికెట్ స్కోరు వినిపిస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం డీఈఓ గారు వచ్చి నిలబడ్డారు. రేడియోలో సుయ్‌మని హోరు తప్ప ఏమీ లేదు. ఆయన రెండు నిమిషాలు ఆగి, నవ్వి, అగ్నిపర్వతం దగ్గరికి వెళ్లిపోయారు. మాస్టారు వచ్చి డయల్ వెంట్రుకవాసి కిందికి తిప్పారు. మావాడి గొంతు గణగణమని వినబడింది.

నాకు అదే సాక్ష్యమైంది. పరిగెత్తుకెళ్లి అందరి ముందూ "ట్రిమ్మర్ కదిపావు కదరా" అని అరిచాను. "ఒట్టు, ముట్టుకోలేదురా" అన్నాడు. నేను వినలేదు. ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ చెప్పను. పబ్లిక్ పరీక్షల దాకా బెంచీ మారి కూర్చున్నాను.

ఇంజనీరింగ్ మూడో ఏడు ల్యాబ్‌లో వీసీఓ ప్రయోగం. వోల్టేజి కొంచెం కొంచెం తగ్గిస్తూ ఫ్రీక్వెన్సీ రాసుకోవాలి. తగ్గించినకొద్దీ గ్రాఫు కిందికి దిగుతోంది. సగం పాయింట్లు పెట్టాక నా చెయ్యి ఆగిపోయింది. మా సర్క్యూట్‌లో రెగ్యులేటర్ లేదు, జీనర్ డయోడ్ కూడా లేదు. పొద్దున్నుంచి వాడిన తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఏడుకి పడిపోయి ఉంటుంది. జంక్షన్ కెపాసిటెన్స్ 3 పికోఫారడ్లలో పదో వంతు పెరిగినా స్టేషను అర మెగాహెర్ట్జ్ పైగా కిందికి దిగుతుంది. ఆ రోజు దిగింది అంతే, అటువైపే. మైకు వోల్టేజినే కాదు, బ్యాటరీ నీరసాన్ని కూడా వీసీఓ మాట కిందే లెక్కేస్తుంది. అందుకే పెద్ద ట్రాన్స్‌మిటర్లలో దాన్ని క్వార్ట్జ్ క్రిస్టల్‌తో పోల్చి చూసి, దారి తప్పితే వెనక్కి లాగే ఏర్పాటు ఉంటుంది. మా దగ్గర ఆ ఏర్పాటు మావాడే. డయల్ తిప్పుకోమని వాడు మైకులో చెప్పినా వినే చోట నేను లేను.

ఆ రికార్డు బుక్కులో గ్రాఫు పూర్తి చేసి మార్కులు వేయించుకున్నాను. వాడికి మాత్రం ఉత్తరం రాయలేదు. పెళ్లిళ్లలో నాలుగుసార్లు కలిశాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

వాడు ఎడమవైపు ఐదో వరుసలో, ఫ్యాను కింద ఉన్నాడు. ఒరేయ్, ట్రిమ్మర్ నువ్వు ముట్టుకోలేదురా. బ్యాటరీ దిగిపోయింది. ఆ సర్క్యూట్ సంచిలో తెచ్చాను, కొత్త బ్యాటరీ వేశాను. భోజనాలయ్యాక ఏడో తరగతి గదిలోకి రా. ఈసారి రేడియో నీ దగ్గర ఉంచుకో, మైకు దగ్గర నేను కూర్చుంటాను.