రాత్రి సంగతి అడగండి

 

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. గురక మీద పనిచేస్తానంటే విజయవాడలో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. మన ఇళ్ళలో గురకంటే ఒళ్ళెరగని నిద్ర అని లెక్క. అసలు సంగతి పక్కన పడుకునేవాళ్ళకు తెలుసు. గురక ఠక్కున ఆగిపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. కాసేపటికి మనిషి ఉలిక్కిపడి, పెద్దగా ఊపిరి లాగి, మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. బీపీ మాత్రం పగలు కూడా దిగదు.

రాత్రి ఊపిరి ఆగితే పగలు బీపీ ఎందుకు పెరగాలి? ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న డాక్టర్లకు పరిశోధకుడి జీవితం గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఈ ఒక్క ప్రశ్నను ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకున్న నండూరి ప్రభాకర్ గారి గురించి చెబుతాను. ముందు కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో, తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆయన ఫిజియాలజిస్టు, మనలా ఓపీ చూసే మనిషి కాదు. అయినా ఓపీలో మనల్ని తికమకపెట్టిన ముడిని విప్పింది ఆయన ల్యాబే.

మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత అవయవం ఒకటుంది. దాని పేరు కెరోటిడ్ బాడీ. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మెదడుకు కబురు చేసేది అదే. ఇది రక్తాన్ని రుచి చూస్తోందని 1928లో మాడ్రిడ్‌లో డి కాస్ట్రో ఊహించాడు. శ్వాస నియంత్రణలో దీని పాత్ర తేల్చినందుకు హేమన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది. ఇక ఇందులో తేల్చేదేముందని చాలామంది అనుకుని ఉంటారు.

2003లో ప్రభాకర్ బృందం ఎలుకలకు 15 సెకన్లు 5 శాతం ఆక్సిజన్, తర్వాత 5 నిమిషాలు మామూలు గాలి ఇచ్చింది. గంటకు 9 సార్లు చొప్పున రోజుకు 8 గంటలు, అలా 10 రోజులు. నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉన్న రోగి రాత్రిళ్ళు పడే అవస్థకు నకలు అన్నమాట. తర్వాత చూస్తే కెరోటిడ్ బాడీ అతిగా స్పందిస్తోంది. ఆక్సిజన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా దాని నరం సంకేతాలు పంపుతూనే ఉంది. అదే మొత్తం కొరతను ఎడతెగకుండా ఒకేసారి ఇచ్చిన ఎలుకల్లో ఈ మార్పు లేదు. అంటే హాని చేస్తున్నది ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే కాదు, పడుతూ లేస్తూ ఉండటం. నాకు ఆ పేపర్లో అన్నిటికన్నా నచ్చింది ఆ పోలికే. అది లేకపోతే మిగతాదంతా ఊహాగానం.

తర్వాత గ్రెగ్ సెమెంజాతో కలిసి పనిచేశారు. ఆక్సిజన్ కొరతకు కణాలు స్పందించేలా చేసే హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే ఉన్న చిట్టెలుకలకు ఇదే శిక్ష వేస్తే బీపీ పెరగలేదని 2006లో చూపారు. సెమెంజాకు 2019లో నోబెల్ వచ్చింది. 2017లో ప్రభాకర్ ల్యాబు నుంచి వచ్చిన ఫలితం మాత్రం మీకు రేపే పనికొస్తుంది. 10 రోజుల అవస్థ మామూలు గాలిలో ఉంచితే తగ్గిపోయింది. 30 రోజులదైతే మరో నెల గడిచినా తగ్గలేదు. డీఎన్ఏ మీద మిథైల్ ముద్రలు పడి, రక్షక జన్యువులు మూగబోయాయి. చికిత్స ఆలస్యమైతే ఏమవుతుందో ఎలుకలు చెప్పేశాయి. మనుషుల్లోనూ అంతేనా అన్నది మీ తరం తేల్చాలి.

ఆలస్యమయ్యేది చికిత్స లేక కాదు. సిడ్నీ వైద్యుడు కొలిన్ సల్లివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో ముక్కులోకి గాలి పంపి, ఐదుగురు రోగుల్లో ఆప్నియాను ఆపి, 1981లో లాన్సెట్‌లో రాశాడు. ఇవాళ మనం రాసే సీప్యాప్ అదే.

ఇక మన ఊళ్ళ సంగతి. ముంబైలో హెల్త్ చెకప్‌కు వచ్చిన 35–65 ఏళ్ళ మగవాళ్ళలో 7.5 శాతం మందికి పగటి నిద్రమత్తుతో కూడిన స్లీప్ ఆప్నియా ఉందని ఉద్వాడియా బృందం 2004లో లెక్క తేల్చింది. ఆ లెక్కను తెచ్చి మన కృష్ణా డెల్టాకు అంటించడం నాకిష్టం లేదు. కైకలూరులో ఐసు మధ్య చేపలు సర్ది, రాత్రంతా హైవే మీద కలకత్తా వైపు బండి నడిపే డ్రైవరు చెకప్‌కు రాడు. నిద్రమత్తును టీతో, కిళ్ళీతో గెలుస్తాడు, లేదా గెలవడు.

గుడివాడలోనో అవనిగడ్డలోనో క్లినిక్ పెట్టినవాళ్ళు, మూడు మందులు వాడినా బీపీ దిగని మనిషి వస్తే, నాలుగోది రాసే ముందు ఆయన భార్యను లోపలికి పిలవండి. మెడ చుట్టుకొలత కొలవండి. ఒక రాత్రి ఆక్సిమీటర్ పెట్టి పంపి, ఆ గీతను దాచిపెట్టుకోండి. పీజీలో థీసిస్ టాపిక్ కోసం గైడు చుట్టూ తిరగాల్సి వచ్చిన రోజున, ఓసారి విజయవాడ ఆటోనగర్ వెళ్ళి లారీల మధ్య నిలబడి చూడండి.