కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు
(జోనల్ ఆఫీసు కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను డిజిటల్ బ్యాంకింగ్ గురించి మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని మీరు ఇంట్లో రోజూ వింటూనే ఉంటారు. చెప్పేది మావాళ్లే కాబట్టి తప్పించుకోలేరు కూడా. అందుకని ఈ అరగంటా ఇంకో విషయం మాట్లాడతాను. ఈ మధ్య ఒక్క నెలలోనే ముగ్గురు సహోద్యోగులు నా దగ్గరికొచ్చి, "సార్, ల్యాప్‌టాప్ చచ్చేంత స్లో అయిపోయింది. సొసైటీలో లోన్ పెట్టి కొత్తది కొందామనుకుంటున్నాం, ఏది మంచిది?" అని అడిగారు. ముగ్గురినీ పాతది ఒకసారి పట్టుకురమ్మన్నాను. అలా ఎందుకన్నానో చెప్పాలంటే ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి.

2020లో మా అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. దాని ల్యాప్‌టాప్ అప్పటికే ఆరేళ్లది. బటన్ నొక్కి, స్నానం చేసి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. క్లాసు మొదలయ్యాక పది నిమిషాలకు గానీ అది లోపలికి వెళ్లేది కాదు. హాజరు పోతోందని ఏడుపు. రిపేరు షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు, "మీ డిస్కు పాత సాటా సార్, 3 గిగాబిట్లు. 6 గిగాబిట్ల డిస్కు వేస్తే స్పీడు డబుల్ అవుతుంది" అన్నాడు. రెండంకెలనగానే నేనూ పడిపోయాను. కొత్త హార్డ్ డిస్కు కొని వేయించాను. ఇంటికొచ్చి ఆన్ చేశాం. మళ్లీ అదే గుండ్రం. మా ఆవిడ పక్కన నిలబడి చూసి, "ఏమండీ, కంప్యూటర్ డిపార్టుమెంటు అంటే ఇదేనా?" అంది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. అది కొనకముందే వేసి ఉండాల్సింది.

సాటా అంటే డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న దారి. అంతకుముందు వెడల్పు రిబ్బన్ లాంటి కేబుల్‌తో ఐడీఈ ఉండేది. దాని చివరి రకం సెకనుకు గరిష్ఠంగా 133 మెగాబైట్లు మోసేది. 2003 ప్రాంతంలో సాటా వచ్చింది. మొదట 1.5 గిగాబిట్లు, తర్వాత 3, 2009లో 6. పెట్టె మీద వేసేది ఈ అంకెలే. ఇవి బిట్లు, మన ఫైళ్లు బైట్లు. పైగా ఈ దారిలో ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు, అవతలివైపు తప్పు లేకుండా అర్థం కావడానికి. కాబట్టి పదితో భాగించుకోవాలి. 1.5 అంటే సెకనుకు 150 మెగాబైట్లు, 3 అంటే 300, 6 అంటే 600.

ఇది దారి వెడల్పు మాత్రమే. ఆ దారిలోకి సరుకు ఎంత వేగంగా వస్తోంది? ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు మామూలుగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. పెద్ద ఫైలును వరుసగా చదివితే సెకనుకు సుమారు 100 మెగాబైట్లు ఇస్తుంది. అంటే మొట్టమొదటి 1.5 గిగాబిట్ల సాటా దారినే అది నింపలేదు! 3 తీసి 6 వేయిస్తే నాకేం ఒరుగుతుంది?

ఇక్కడ పెద్దవాళ్లకు పాత రోజులు గుర్తుచేస్తాను. కంప్యూటర్లు రాకముందు కౌంటర్లో క్లర్కు ఎంత చురుకైనవాడైనా, లెడ్జరు రికార్డు రూములోంచి దఫ్తరీ తెచ్చి ఇస్తేనే పని. కౌంటర్లు రెండున్నా ఆరున్నా, లెడ్జర్లు తెచ్చే మనిషి ఒక్కడే అయితే క్యూ కదలదు. హార్డ్ డిస్కులో ఆ దఫ్తరీ ఒక చిన్న ముల్లు. తిరిగే పళ్లెం మీద అది సరైన వరసకు జరగడానికి సుమారు 12 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తిరిగి ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఇంకో ఐదున్నర మిల్లీసెకన్లు. ఒక్కో చిన్న ముక్క తేవడానికి పదిహేడు, పద్దెనిమిది. సెకనుకు యాభై, అరవై ముక్కలు మించవు. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు, అవీ చెల్లాచెదురుగా. అప్పుడు 100 మెగాబైట్ల మాట కూడా కల్లే. ఒక్క మెగాబైటు కూడా రాని క్షణాలుంటాయి. మా అమ్మాయి హాజరు పోయింది అక్కడ.

ఎస్ఎస్‌డీలో పళ్లెం లేదు, ముల్లు లేదు. ఏ ముక్కైనా మిల్లీసెకనులో పదోవంతులో దొరుకుతుంది. సాటా ఎస్ఎస్‌డీ వరుస చదువులో 550 దాకా వెళ్తుంది, అంటే ఇప్పుడు 6 గిగాబిట్ల దారి నిజంగా నిండుతుంది. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 240 గిగాబైట్లది వేశాను. అరనిమిషం లోపు తెరుచుకుంది. నేను అంతకుముందు వృథా చేసిన హార్డ్ డిస్కు కంటే దాని ఖరీదు తక్కువ. ఈ సంగతి ఇంట్లో చాలాకాలం చెప్పలేదు, ఈరోజు మైకులో చెప్పేశాను.

మరి మీది 3 గిగాబిట్ల పాత ల్యాప్‌టాప్ అయితే? ఎస్ఎస్‌డీ 300 లోపే ఆగిపోతుంది. అయినా వేయించండి. మనకు కావలసింది ఆ పెద్ద అంకె కాదు, చిన్న ఫైళ్ల దగ్గర ఆలస్యం పోవడం. అది పోతుంది.

ఇక ఎం.2 గొడవ. ఆ ముగ్గురిలో ఒకాయన అబ్బాయి ఆఫర్లో సెకనుకు 3,500 మెగాబైట్లన్న ఎన్‌వీఎంఈ డ్రైవు కొనేశాడు. చూయింగ్ గమ్ బిళ్లంత ఉంటుంది. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ బిగిసింది, ల్యాప్‌టాప్‌కు మాత్రం కనిపించలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఎం.2 అనేది ఆకారం పేరు. ఆ ఆకారంలో సాటా భాష మాట్లాడేవీ ఉంటాయి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవీ ఉంటాయి. వాళ్ల స్లాట్‌కు సాటా ఒక్కటే తెలుసు. బిళ్ల అంచున రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. కానీ గాట్లు చూసి కొనొద్దు, మీ మోడల్ పేరుతో కంపెనీ మాన్యువల్ చూసి కొనండి. అదృష్టం బాగుండి ఆ డ్రైవు వెనక్కి తీసుకున్నారు.

ఎన్‌వీఎంఈ గొప్పదే, కాదనను. మూడోతరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగు లేన్లంటే సుమారు 3,900 మెగాబైట్ల దారి, నాలుగోతరం దానికి రెట్టింపు. సాటా పద్ధతిలో ఒకే క్యూ, అందులో 32 పనులు. ఇక్కడ క్యూలే వేలల్లో పెట్టుకోవచ్చు. మన బ్రాంచికి అలాంటి ఏర్పాటుంటే పింఛన్ల రోజు ఎంత హాయి! కానీ ఇంట్లో క్లాసులు, ఉత్తరాలు, బ్రౌజింగ్ చేసేవాళ్లకు సాటా ఎస్ఎస్‌డీకీ దీనికీ తేడా పెద్దగా తెలియదు. పెద్ద వీడియోలు ఎడిట్ చేసే పిల్లలకు తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఎలాగూ అదే వస్తుంది, దానికోసమే కొనక్కర్లేదు.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్కు ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉండి, అది హార్డ్ డిస్కే అయితే రోగం తెలిసినట్టే. మెమొరీ నిండిపోయి ఉంటే కథ వేరు, ర్యామ్ పెంచాలి. కొన్ని చవక మోడళ్లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది, అవి మార్చలేం. ఇంకో మాట, ఇదంతా సొంత ల్యాప్‌టాప్‌ల గురించే. ఆఫీసు ల్యాప్‌టాప్ స్క్రూ విప్పితే రేపు మెమో ఇచ్చేది మా డిపార్టుమెంటే.

మూడో ఆయన సంగతి చెప్పి కూర్చుంటాను. రిటైర్మెంట్ దగ్గరున్నాయన. ఆయన ల్యాప్‌టాప్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. అది మంచి శబ్దం కాదు. అందులో వాళ్లమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఎస్ఎస్‌డీ వేయడం తర్వాత, ముందు ఫొటోలు తీద్దామని డిస్కు ఊడదీసి నా దగ్గరున్న పాత యూఎస్‌బీ పెట్టెలో పెట్టాను. ఆ పెట్టె యూఎస్‌బీ 2.0. పేరుకు 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు 35 మెగాబైట్లు. బాగున్న డిస్కయితే గంటన్నర, రెండు గంటల్లో అయిపోయే పని. ఇది ఒక్కో ఫైలు దగ్గర ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, రాత్రంతా తీసుకుంది. ఆయన మా హాల్లోనే కూర్చున్నారు, వద్దన్నా ఇంటికి వెళ్లలేదు. స్నాతకం వచ్చింది, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి. తెల్లవారుజామున నాలుగింటికి చప్పుడు ఆగిపోయింది. అప్పగింతల ఫోల్డరు రాలేదు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆయనే, "పర్లేదు సార్, మిగతావి వచ్చాయిగా" అన్నారు. పొద్దున్నే చుట్టాలందరి ఫోన్లకూ మెసేజీలు పెట్టాం. వాట్సాప్‌లో ఎవరెవరి దగ్గరో ఉన్నవి పదకొండు దొరికాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, వెనక మా ఆవిడా నేనూ ఉన్నాం. ఆ ఫొటో దొరికింది మా ఇంట్లోనే, మా ఆవిడ పాత ఫోన్లో.

కొత్త ఎస్ఎస్‌డీ వేసి, ఆ ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసి ఇచ్చాను. లోన్ దరఖాస్తు ఆయన వెనక్కి తీసుకున్నారు. ఈరోజు ఎవరైనా ల్యాప్‌టాప్‌లు తెచ్చి ఉంటే భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గరికి రండి, స్క్రూడ్రైవర్ తెచ్చాను.