మన పాట తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?



హోసూరు, డెంకణికోట చుట్టుపక్కల ఉన్నవారికీ, కోలారు, బళ్ళారి ప్రాంతాలవారికీ, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువారికీ, ప్రాణహిత ఒడ్డున సిరొంచలో ఉన్నవారికీ, యానాం వారికీ ఈనాటి నా మాటలు ముఖ్యంగా ఉద్దేశించినవి. విషయం కొంచెం కొత్తగా అనిపించవచ్చు. పాటను కంప్యూటరులో, సెల్‌ఫోనులో దాచే పద్ధతుల గురించి, ఆ పద్ధతుల మీద ఎవరికి ఏ హక్కు ఉంది అన్నదాని గురించి చెప్పదలచుకున్నాను. ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మనవి చేసి, తరువాత విషయంలోకి వస్తాను.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. మా అవ్వకు నలుగు పాటలు, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలు, జోలపాటలు ఎన్ని వచ్చో లెక్కలేదు. అక్కడక్కడా కన్నడం మాట, అరవం మాట కలిసిన మా ఊరి తెలుగు అది. ఏ పుస్తకంలోనూ లేదు. 2005లో నేను అరచేతిలో ఇమిడే ఒక డిజిటల్ రికార్డరు కొన్నాను. సంక్రాంతి సెలవులకు వెళ్ళి పెళ్ళి పాటలు రికార్డు చేశాను. ఎండాకాలం సెలవులకు మళ్ళీ వెళ్ళి దంపుళ్ళ పాటలు, జోలపాటలు రికార్డు చేశాను. రెండోసారి ఎక్కువసేపు పట్టాలని రికార్డరు మీద ఉన్న మీటను మరో వైపుకు జరిపాను. పాడడం అయిపోయాక అవ్వ, "ఏమప్పా, నా పాట ఆ డబ్బీలో పట్టిందా?" అని అడిగింది. "పట్టింది అవ్వా" అన్నాను.

అవ్వ 2011లో పోయింది. 2019లో మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, నలుగు పెట్టేవేళ అవ్వ పాట వినిపిద్దామని ఆ ఫైళ్ళు బయటికి తీశాను. కొత్త కంప్యూటరు వాటిని తెరవనంది. రికార్డరు తయారుచేసిన కంపెనీ పాటను తన సొంత పద్ధతిలో దాచింది. దాన్ని వినిపించే ప్రోగ్రాము కూడా ఆ కంపెనీదే. అది పాత కంప్యూటర్లలో తప్ప నడవదు. కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ ప్రోగ్రామును ఏనాడో ఆపేశామని జవాబు వచ్చింది. ఫైలు నా దగ్గరే ఉంది, అందులో అవ్వ గొంతు ఉంది. తాళంచెవి మాత్రం ఇంకొకరి దగ్గర ఉండిపోయింది.

ఆ తరువాత ఏం జరిగిందో చివర చెబుతాను. ముందు ఈ తాళం సంగతి చూద్దాం.

శబ్దం గాలిలో పుట్టే అల. కంప్యూటరు ఆ అలను అంకెలుగా రాసుకుంటుంది. పాటల సీడీలో సెకనుకు 44,100 సార్లు ఆ అల ఎత్తు కొలిచి రాస్తారు. కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి చొప్పున రెండు వరుసలు రాస్తారు. ఇలా రాస్తే ఒక్క నిమిషం పాటకు సుమారు 10 మెగాబైట్ల చోటు పడుతుంది. ఒకప్పుడు ఇది చాలా ఎక్కువ. అందుకని అంకెలను కుదించే పద్ధతులు వచ్చాయి. వాటినే ఫార్మాట్లు అంటున్నాం.

పట్టుచీరను ఉదాహరణగా తీసుకోండి. చీరను పరిచి ఉంచితే గదంతా ఆక్రమిస్తుంది. వేవ్ అనే ఫార్మాటు అలాంటిది. అదే చీరను మడతపెట్టి పెట్టెలో పెడితే చోటు తగ్గుతుంది, విప్పితే ఒక్క పోగు కూడా పోదు. ఫ్లాక్ అనే ఫార్మాటు అలాంటిది. ఇక మూడో పద్ధతి, కుచ్చిళ్ళ లోపల కనబడని గుడ్డ ఎందుకని కత్తిరించి దాచడం. ఎంపీత్రీ చేసేది ఈ పనే. డప్పు గట్టిగా మోగిన క్షణంలో పక్కనే ఉన్న సన్నని గజ్జెల చప్పుడు మన చెవికి ఆనదు. ఆనని దాన్ని రాయడం ఎందుకని వదిలేస్తుంది. మామూలుగా వింటే తేడా తెలియదు. చోటు పదో వంతుకు తగ్గుతుంది. కాని కత్తిరించిన గుడ్డ మళ్ళీ రాదు.

ఈ ఎంపీత్రీని జర్మనీలోని ఎర్లాంగెన్ నగరంలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు మరికొన్ని సంస్థలతో కలిసి రూపొందించారు. వారిలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ప్రముఖుడు. అమెరికన్ గాయని సుజాన్ వేగా ఒంటి గొంతుతో పాడిన ఒక పాటను పదే పదే కుదించి, ఆ గొంతు చెడకుండా వచ్చేదాకా ఆయన పద్ధతిని సరిదిద్దుకున్నాడు. గొప్ప పనే. అయితే ఆ పద్ధతి మీద అప్పట్లో పేటెంట్లు ఉండేవి. పేటెంటు అంటే కనిపెట్టిన ఉపాయం మీద సుమారు 20 ఏళ్ళపాటు ఉండే గుత్త హక్కు.

చాలామంది యువకులు ఎంపీత్రీ తయారుచేసే ప్రోగ్రాములు సొంతంగా రాసి, డబ్బు తీసుకోకుండా పంచుకుంటూ ఉండేవారు. 1998 సెప్టెంబరులో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వారికి లేఖలు పంపింది. మా పేటెంట్లు వాడుతున్నారు, లైసెన్సు రుసుము కట్టాలి అని ఆ లేఖల సారాంశం. చట్టం ప్రకారం వారి హక్కు వారిది. కాని పైసా రాబడి లేనివాడు రుసుము ఎక్కడినుంచి తెచ్చి కడతాడు?

అమెరికాలో క్రిస్ మాంట్‌గోమరీ అనే ప్రోగ్రామరు దీనికి వేరే దారి పట్టాడు. దొంగచాటుగా వాడడమెందుకు, ఎవరికీ రుసుము కట్టనక్కరలేని పద్ధతినే తయారుచేద్దాం అనుకున్నాడు. మిత్రులతో కలిసి పనిచేసి 2002 జులైలో ఆగ్ వోర్బిస్ అనే ఫార్మాటు మొదటి పూర్తి రూపాన్ని విడుదల చేశాడు. అంతకు ఏడాది ముందు, 2001లో, జోష్ కోల్సన్ అనే ఆయన ఇందాక చెప్పిన ఫ్లాక్‌ను విడుదల చేశాడు. ఈ రెండింటి నియమాలూ బహిరంగంగా రాసి ఉన్నాయి. ఎవరైనా చదవవచ్చు, వినిపించే యంత్రం ఎవరైనా తయారుచేయవచ్చు. ఇలాంటివాటినే తెరిచిన ఫార్మాట్లు అంటారు. 2012లో ఓపస్ అనే మరో తెరిచిన ఫార్మాటు వచ్చింది. మీరు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజి ఆ ఓపస్‌లోనే వెళుతుంది. పేరు తెలియకుండానే రోజూ వాడుతున్నాం.

పేటెంట్ల చిక్కు పెద్ద కంపెనీలనూ వదలలేదు. 2007 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక జ్యూరీ, ఎంపీత్రీకి సంబంధించిన పేటెంట్ల విషయంలో మైక్రోసాఫ్ట్ కంపెనీ 152 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. అదే ఏడు ఆగస్టులో న్యాయమూర్తి ఆ తీర్పును కొట్టివేశారు. చివరికి పేటెంట్ల గడువు తీరిపోయి, 2017 ఏప్రిల్‌లో ఎంపీత్రీ లైసెన్సుల కార్యక్రమం ముగిసింది. ఈవేళ ఎంపీత్రీని కూడా ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

ఇక్కడ స్వేచ్ఛ అన్న మాట గురించి రెండు ముక్కలు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టాడు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, అది ఎలా నడుస్తుందో చదివి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు వాడేవారికి ఉండాలని ఆయన వాదం. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కావడంతో, ఊరికే ఇవ్వమంటున్నాడా అని చాలామంది పొరబడ్డారు. మనకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన భాషలో రెండు మాటలున్నాయి. ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రామును రేపు ఆపేయవచ్చు. స్వేచ్ఛగా ఉన్న ప్రోగ్రామును ఒకరు వదిలేసినా మరొకరు అందుకుని నడపవచ్చు.

డబ్బు పెట్టి కొన్నా ఈ బెంగ తప్పదు. 2008 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన పాటల దుకాణంలో కొన్నవారికి ఒక మాట చెప్పింది. ఆగస్టు 31 తరువాత, కొన్న పాటలను కొత్త కంప్యూటరులో వినడానికి అనుమతి ఇవ్వబోమని. జనం గట్టిగా అభ్యంతరం చెప్పాక ఆ గడువును 2011 దాకా పొడిగించింది. కొన్నది పాటనా, లేక కంపెనీ దయ ఉన్నంతకాలం వినే అనుమతినా అన్న ప్రశ్న అప్పుడు చాలామందికి తట్టింది.

మరి పాట రాసినవారి సంగతి ఏమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. పాటలు రాసి బతికేవారికి ప్రతిఫలం రావాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయితకు, స్వరకర్తకు జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. 2012 సవరణ సినిమా పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలో వాటా హక్కును గట్టిపరిచింది. అందుచేత ఒక అపోహ తొలగించుకోవాలి. తెరిచిన ఫార్మాటులో ఉన్నంత మాత్రాన సినిమా పాట ఊరందరి సొత్తు కాదు. పెట్టె ఎవరైనా తెరవగలగడం వేరు, పెట్టెలోని చీర ఎవరిదన్నది వేరు. అలాగే పెట్టెకు తాళం వేసినంత మాత్రాన, చట్టం వినేవారికి ఇచ్చిన వెసులుబాటు పోకూడదు. సొంత ఉపయోగానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని మన చట్టం ఒప్పుకుంటుంది. తాళాలు తీయడం గురించి 2012లో చేర్చిన నిబంధన కూడా, చట్టం నిషేధించని పనికోసం తీసేవారిని నేరస్థులుగా చూడలేదు.

ఇక అవ్వ పాటలు ఎవరివి? తరతరాలుగా వస్తున్న ఆ పాటలను ఫలానావారు రాశారని చెప్పలేం. వాటి మీద ఏ ఒక్కరికీ కాపీరైటు లేదు. కాని పాడిన మనిషికి తన గానం మీద ప్రదర్శకురాలి హక్కు ఉంది. అది 50 ఏళ్ళు. కాబట్టి ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాట రికార్డు చేసేటప్పుడు, "అవ్వా, దీన్ని నలుగురికీ వినిపించవచ్చా?" అని అడగండి. ఆమె సరేనన్న మాటను కూడా రికార్డు చేయండి. ఇది చట్టం కోసమే కాదు, మర్యాద కోసం కూడా.

ఇదంతా సరిహద్దు జిల్లాల మనకెందుకు అంటే, మన పాటలను ఏ కంపెనీ అమ్మదు. కొనేవారు తక్కువ. సినిమా పాట ఒక చోట పోతే వెయ్యి చోట్ల దొరుకుతుంది. హోసూరు దంపుళ్ళ పాట, బరంపురం జోలపాట మనింట్లో పోతే ఇక ఎక్కడా దొరకదు. మన పిల్లలు బడిలో తెలుగు చదివినా, చదవకపోయినా, ఆ గొంతులు వింటే తమ ఇంటి తెలుగు ఏమిటో వారికి తెలుస్తుంది. వేరెవరూ దాచని సొత్తుకు తాళంచెవి మన దగ్గరే ఉండాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. రికార్డు చేసేముందు మీ ఫోనులోనో రికార్డరులోనో వేవ్ లేదా ఫ్లాక్ ఎంచుకునే వీలుందేమో చూడండి. ఉంటే అదే వాడండి. మొదట పాడేవారి పేరు, ఊరు, తేదీ, పాట ఏ సందర్భంలో పాడతారో మీ నోటితో చెప్పి, తరువాత పాడించండి. అసలు ప్రతిని అలాగే ఉంచి, బంధువులకు పంపడానికి ఎంపీత్రీ ప్రతి వేరే చేసుకోండి. ఫోనులో పంపుకున్న ప్రతే దాచిన ప్రతి అనుకోవద్దు. ఇంట్లో ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువుల దగ్గర ఒకటి ఉంచండి. ఏడాదికొకసారి, ఉగాదికో సంక్రాంతికో, తెరిచి వినండి. పాత క్యాసెట్లు ఉంటే టేపు పాడయ్యేలోగా కంప్యూటరులోకి ఎక్కించండి. ఆ పనికి ఆడాసిటీ, వినడానికి వీఎల్‌సీ అనే స్వేచ్ఛా ప్రోగ్రాములు ఉన్నాయి. మీ ఊళ్ళో కంప్యూటరు తెలిసిన పిల్లవాడెవరైనా ఒక పూటలో నేర్పగలడు.

ఇందాక చివర చెబుతానన్న మాట. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా బావమరిది కొడుకు ఆ ఫైళ్ళు తీసుకెళ్ళాడు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముతో సంక్రాంతినాటి ఫైళ్ళు తెరుచుకున్నాయి. ముక్కూ మొహం తెలియని ఎవరో, ఆ కంపెనీ పద్ధతిని ఓపికగా విడదీసి, అందరికోసం రాసిపెట్టారన్నమాట. మా అమ్మాయి పెళ్ళిలో అవ్వ నలుగు పాట పాడింది. పీట మీద కూర్చున్న పిల్ల తల వంచుకుని విన్నది.

ఎండాకాలం ఫైళ్ళు మాత్రం తెరుచుకోలేదు. నేను జరిపిన ఆ మీట రెండో రకం పద్ధతిలో దాచిందట. దాన్ని ఇంకా ఎవరూ విడదీయలేదు. జోలపాటలు అందులోనే ఉన్నాయి. మా అమ్మాయికి ఇప్పుడు మూడేళ్ళ కూతురు. ఆ ఫైళ్ళను నేను పారేయలేదు. ఏటా ఉగాదికి ఒకసారి ప్రయత్నించి చూస్తూనే ఉన్నాను.

మీ ఇంట్లో అవ్వ ఉంటే ఈ వారమే ఆమె దగ్గర కూర్చోండి. పాట డబ్బీలో పట్టిందా అని ఆమె అడిగినప్పుడు, పట్టింది, మళ్ళీ తెరుచుకుంటుంది కూడా అని ధైర్యంగా చెప్పగలిగేటట్టు చూసుకోండి.